గోరా కుంభార్ కుండ పరీక్ష

కుండ కొనేటప్పుడు వ్రేలితో తట్టి చూడడం మీరెరిగినదే. ఖణేలుమని మ్రోగితే బాగా కాలినది, మొద్దుగా పలికితే పచ్చిది. ఈ పరీక్షకు ఒకనాడు మహాభక్తులే తలలొగ్గారు.

మహారాష్ట్రలోని తేర్ గ్రామంలో 13, 14 శతాబ్దులలో జీవించిన పాండురంగ భక్తుడు గోరా కుంభార్. మట్టి తొక్కి, సారె త్రిప్పి, ఆవములో కాల్చి, ఆ కుండల అమ్మకంతోనే కుటుంబాన్ని పోషించాడు. నామస్మరణలో మైమరచి, మట్టితోపాటు కన్నబిడ్డనే తొక్కివేశాడన్న కథ 1977 నాటి ‘చక్రధారి’ చిత్రం వలన మన ఇళ్లకు సుపరిచితం. స్వామి కృపతో ఆ బిడ్డ మరల బ్రతికాడని భక్తుల విశ్వాసం.

అంతకన్న ఆలోచింపజేసేది మరొక ఘట్టం. జ్ఞానేశ్వరుడు, నామదేవుడు మొదలైన భక్తులు కూడినచోట, వీరిలో కాలిన కుండలేవో తేల్చమని ముక్తాబాయి గోరాను కోరింది. ఆయన కుండలు తట్టే చెక్క అందుకొని ఒక్కొక్కరి శిరస్సుపై తట్టసాగాడు. అందరూ మౌనంగా సహించారు. విఠలునితో ముఖాముఖి సంభాషించే నామదేవుడు మాత్రం కినుక వహించాడు. గోరా ఆయననే పచ్చికుండగా నిర్ణయించాడు. స్వామికి ఎంతటి ఆప్తుడైనా గురుసేవ అనే ఆవములో ఇంకా కాలలేదట! నామదేవుడు పండరికి పోయి మొరపెట్టుకోగా విఠలుడు సైతం ఆ నిర్ణయాన్నే సమర్థించాడు. పిమ్మట ఆయన విసోబా ఖేచరుని పాదాలను ఆశ్రయించాడు.