క్యాషియర్ గారి ‘దొంగరాముడు’



ప్రత్యేక సంచిక కోసం ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించీ, కవుల గురించీ రాసే సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా, అందులో పదకొండేళ్లు క్యాషియరుగా పనిచేసినవాణ్ణి. నాకు దగ్గరగా అనిపించే పెద్దమనిషి ఎవరా అని ఆలోచిస్తే, సినిమా కంపెనీలో క్యాషియరుగా చేరి మహాదర్శకుడైన కదిరి వెంకటరెడ్డి గారు, అనగా మనందరికీ తెలిసిన కె.వి. రెడ్డి గారు జ్ఞాపకం వచ్చారు. ‘మాయాబజార్’ తీసిన ఆయన అంటే మన మనవలకు కూడా తెలుస్తుంది. అయితే నేను ముఖ్యంగా చెప్పదలచింది ఆయన 1955లో తీసిన నలుపు తెలుపు చిత్రం ‘దొంగరాముడు’ గురించి.

అందుకు కారణం ఉంది. ఆ చిత్రంలో చెల్లెలు లక్ష్మి వేషం వేసిన జమున గారు 2023 జనవరిలో మన హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆ రాత్రి ఎల్.బి. నగర్‌లోని మా ఇంట్లో మనవరాలు టీవీలో ఆ సినిమా పెట్టి, తాతయ్యా, మీ కాలపు సినిమా చూద్దాం రమ్మని పిలిచింది. ఒక్క అరగంట చూద్దామని కూర్చుని ఆఖరు దాకా కదలలేదు. చూసినంతసేపూ నాకు సినిమాతో పాటు నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి కూడా కళ్లముందు ఆడింది. అది తరువాత చెబుతాను. ముందు రెడ్డి గారి సంగతి.

ఆయన 1912 జులై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో మేనమామల అండన పెరిగారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి పట్టభద్రులయ్యారు. డిగ్రీ చేతికి వచ్చాక సర్కారు కొలువు వెతుక్కోవచ్చు. కాని తాడిపత్రిలో ఆయన బాల్యమిత్రుడు మూలా నారాయణస్వామి గారు అప్పటికే సినిమాల్లో పెట్టుబడి పెడుతున్నారు. 1938లో రోహిణీ సంస్థ ‘గృహలక్ష్మి’ తీసినప్పుడు నమ్మకమైన మనిషి కావాలని మిత్రుణ్ణి క్యాషియరుగా కూర్చోబెట్టారు. ఆ తరువాత బి.ఎన్. రెడ్డి గారు వాహినీ సంస్థను స్థాపించగా ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ చిత్రాలకు మన రెడ్డి గారు ప్రొడక్షన్ మేనేజరు. అంటే ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ సామాను ఎప్పుడు రావాలి, ఎంత ఫిల్ము ఖర్చయింది అన్నీ ఆయన చూడవలసినవే.

మిత్రులారా, క్యాషియరు కుర్చీలో కూర్చున్నవాడికి ఒక విద్య దానంతట అదే అబ్బుతుంది. పైకి ఎవరు ఎంత గొప్పగా మాట్లాడినా, సొమ్ము ఎక్కడ పనికి వస్తున్నదో, ఎక్కడ దుబారా అవుతున్నదో అతనికి తెలిసిపోతుంది. రెడ్డి గారు దర్శకత్వాన్ని ఆ కుర్చీలోంచే నేర్చుకున్నారని నా అభిప్రాయం. కథ పూర్తిగా రాయించి, మాటలు ఖాయం చేసి, నటులచేత చదివించి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలు నడుస్తుందో ముందే లెక్క వేసేవారు. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలంటే సుమారు 11 నిమిషాలు. ఈ లెక్కతో సెట్టు మీదికి వెళ్లకముందే ఎన్ని అడుగుల సినిమా అవుతుందో ఆయనకు తెలిసేది. షూటింగు మొదలయ్యాక ఎంత పెద్ద నటుడైనా ఒక్క మాట మార్చడానికి వీల్లేదు. మన భాషలో చెప్పాలంటే శాంక్షను అయిన ఎస్టిమేటును దాటి ఒక్క పైసా ఖర్చు చేసేవారు కాదు.

దర్శకునిగా ఆయన మొదటి చిత్రం ‘భక్త పోతన’. యుద్ధం రోజుల్లో తీసి 1943 మొదట్లో విడుదల చేశారు. అనుభవం లేని మనిషికి దర్శకత్వమా అన్న సందేహం ఉన్నా, మిత్రుడు నారాయణస్వామి గారు అండగా నిలిచారు. నాగయ్య గారు పోతనగా నటించిన ఆ చిత్రం ఎంతటి విజయం సాధించిందో పాతవారికి తెలుసు. తరువాత 1947లో ‘యోగి వేమన’, 1949లో ‘గుణసుందరి కథ’, 1951లో విజయా వారి ‘పాతాళభైరవి’ వచ్చాయి. 1954లో వాహినీ వారికి తీసిన ‘పెద్దమనుషులు’ రాష్ట్రపతి రజత పతకం పొందింది. ఊరి పెద్దగా గౌరవం పొందుతూ చాటున అక్రమాలు చేసేవాడి కథ అది. ఆ మరుసటి ఏడు తీసిన ‘దొంగరాముడు’ అందుకు పూర్తిగా తారుమారు. లోకం దొంగ అన్నవాడిలో మంచితనం ఎంత ఉన్నదో చూపే కథ.

అక్కినేని నాగేశ్వరరావు గారు, దుక్కిపాటి మధుసూదనరావు గారు కలిసి 1951లోనే అన్నపూర్ణా సంస్థను నెలకొల్పారు. మొదటి చిత్రం రెడ్డి గారే తీయాలని వారి పట్టుదల. ఆయనేమో వాహినీ, విజయా సంస్థల పనుల్లో ఉన్నారు. వేరే దర్శకుణ్ణి పెట్టుకుని గబగబా ఒక సినిమా తీసేయవచ్చు. వారు అలా చేయక ఆయనకు తీరిక అయ్యేవరకూ ఏళ్ల తరబడి ఆగారు. ఒక మనిషి పనితనం మీద అంత నమ్మకం ఉంచడం ఈ రోజుల్లో అరుదు.

ఈ చిత్రానికి పనిచేసిన బృందాన్ని చెప్పుకోవాలి. మాటలు డి.వి. నరసరాజు గారు రాశారు. పాటలు సముద్రాల సీనియర్, సంగీతం పెండ్యాల, ఛాయాగ్రహణం ఆది ఇరానీ. రాముడుగా అక్కినేని, సీతగా సావిత్రి, లక్ష్మిగా జమున, డాక్టరుగా జగ్గయ్య గారు నటించారు. రేలంగి, సూర్యకాంతం సరేసరి. ఇక బాబుల్‌గా వేసిన ఆర్. నాగేశ్వరరావు గారిని మా తరం మరిచిపోలేదు. గళ్ల లుంగీతో రౌడీవేషం వేసిన పిల్లవాడు లేని ఊరు ఆ రోజుల్లో లేదు. పాపం, ఆయన క్షయవ్యాధితో 1959లోనే చిన్నవయసులో పోయారు. సుశీల గారు పాడిన బాపూజీ మీది పిల్లల పాట మా స్కూల్లో ప్రతి అక్టోబరు 2వ తేదీన పాడించేవారు. చిత్రం విడుదలైనది 1955 అక్టోబరు 1, సరిగ్గా గాంధీ జయంతికి ముందురోజు.

నేను ఈ సినిమాను మొదట నల్లగొండ జిల్లాలో మా ఊరికి వచ్చిన టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్టు మీద చూశాను. అప్పటికి నాకు పదకొండేళ్లు. ఒకటే మిషను కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. తల్లికి జబ్బు చేస్తుంది. డబ్బు లేకుండా మందు ఇవ్వనంటాడు షాపువాడు. కుర్రవాడు మందు దొంగిలించి పరుగెత్తుకు వస్తాడు. అప్పటికే తల్లి ప్రాణం పోతుంది. పోలీసులు వాణ్ణి తీసుకుపోతారు. అప్పుడు లైట్లు వెలిగితే మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చూశాను.

పెద్దయ్యాక చూస్తే ఇంకో సంగతి కనపడింది. దర్శకుడు రాముడి మీద ఎంత జాలి కలిగించినా ఎక్కడా వాడి తప్పును మాఫీ చేయడు. తల్లి కోసం చేసినా, చెల్లెలి చదువు కోసం చేసినా దొంగతనం దొంగతనమే, శిక్ష శిక్షే. బాబుల్ నేరాలు మెడకు చుట్టుకున్నప్పుడు కూడా పాత ముద్ర వాణ్ణి వదలదు. క్యాషియరు లెక్క కదా, ఒక్క పైసా కొట్టివేయలేదు. అయితే ఆ పైసా ఎందుకు తగ్గిందో మాత్రం ప్రేక్షకుణ్ణి చేయి పట్టుకుని తీసుకుపోయి వాడి ఇంటిలోపల చూపించారు.

ఇప్పుడు నా సంగతి. 1981లో నేనొక తాలూకా ఆఫీసులో క్యాషియరుగా ఉన్నాను. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. ఒక సాయంత్రం క్యాష్ బుక్ మూయబోతే 65 రూపాయలు తక్కువ వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. అప్పుడు అటెండరు నా ముందుకు వచ్చి నిలబడి తానే తీశానని ఒప్పుకున్నాడు. కూతురికి టైఫాయిడ్ అట. జీతాలు వచ్చాక పెట్టేద్దామనుకున్నాడట. ఆ సొమ్ము నా నెలజీతంలో పదోవంతు ఉంటుంది. జేబులోంచి తీసి పెట్టి బుక్కు మూసేయవచ్చు. నేను ఆ పని చేయలేదు, రిపోర్టు రాశాను. అతన్ని సస్పెండు చేశారు. కొన్ని నెలలకు మళ్లీ తీసుకుని ఇంక్రిమెంటు కోశారు. వచ్చాక కూడా ప్రతిరోజూ నాకు టీ తెచ్చి బల్లమీద పెట్టేవాడు. పల్లెత్తు మాట అనలేదు.

రిపోర్టు రాయడం తప్పని ఈ రోజుకీ నేను అనను. సర్కారు సొమ్ము దగ్గర మెతకదనం పనికిరాదు. నన్ను బాధించేది వేరే. ఆ పిల్ల బతికిందని నాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. అతని ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల అవతలే. ఆ నెలల్లో ఒక్కసారైనా వెళ్లి ఆ పిల్లకు ఎలా ఉందని అడగలేదు. రిపోర్టు నా డ్యూటీ. ఇంటికి వెళ్లి చూడడం కూడా నా డ్యూటీయేనని అప్పుడు తోచలేదు. సినిమా అయ్యాక మనవరాలు, తాతయ్యా, కళ్లజోడు ఎందుకు తీశావని అడిగింది. కళ్లు మంటగా ఉన్నాయని చెప్పాను.

రెడ్డి గారి మిగతా జీవితం క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 1957లో ‘మాయాబజార్’, 1961లో ‘జగదేకవీరుని కథ’ వచ్చాయి. ‘దొంగరాముడు’ను హిందీవారు కిశోర్‌కుమార్‌తో 1962లో ‘మన్‌మౌజీ’గా తీశారు. కాని కాలం అందరికీ ఒకేలా ఉండదు. 1965లో ‘సత్య హరిశ్చంద్ర’, 1968లో ‘భాగ్యచక్రం’, ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ అనుకున్నట్లు ఆడలేదు. ఇన్ని విజయాలు ఇచ్చిన మనిషికి అవకాశాలు తగ్గాయి. ఆ సమయంలో ఎన్.టి. రామారావు గారు ‘శ్రీకృష్ణ సత్య’ దర్శకత్వాన్ని ఆయనకు అప్పగించారు. 1971 చివర విడుదలైన అదే ఆయన ఆఖరి చిత్రం. తనను ‘పాతాళభైరవి’ తోటరాముడిగా నిలబెట్టిన గురువును కష్టకాలంలో శిష్యుడు తలచుకోవడం నాకు చాలా గొప్ప సంగతిగా తోస్తుంది. 1972 సెప్టెంబరు 15న రెడ్డి గారు పరమపదించారు. నిండా అరవై ఏళ్లే.

ఆయనతో పనిచేసినవారిలో అక్కినేని గారు 2014లో వెళ్లిపోయారు. దుక్కిపాటి గారు, నరసరాజు గారు ఇద్దరూ 2006లోనే పోయారు. జమున గారి సంగతి పైన చెప్పాను. ఆ బృందం చాలావరకు వెళ్లిపోయినా, లెక్క తప్పకుండా వారు చేసిన పని మిగిలింది.

చివరగా మిత్రులకు ఒక మనవి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వక మన సభ్యుల్లో కొందరికి పెన్షను ఆగిపోతుంటుంది. మన రిజిస్టరులో వారి పేరు పక్కన గీత పెట్టి ఊరుకుంటున్నాం. ఈసారి ఆ గీత పెట్టే ముందు ఎవరైనా ఒకరు వారి ఇంటికి వెళ్లి తలుపు తట్టండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా ఉన్న సభ్యుల ఇళ్లకు నేను వెళతాను. మోకాళ్ల నొప్పులున్నా మెట్రో ఉంది, ఆటో ఉంది. నాకు ఒక బాకీ ఉన్నది కనుక ఈ పని నాకు ఒప్పగించమని కార్యవర్గాన్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.