జిమ్ థోర్ప్

జిమ్ థోర్ప్ (1887 - 1953) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ క్రీడాకారుడు. అథ్లెటిక్స్, అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ అనే మూడు వేర్వేరు రంగాలలో ఉన్నత స్థాయిలో రాణించిన అరుదైన వ్యక్తి. 1912లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగిన ఒలింపిక్ క్రీడలలో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణ పతకాలు సాధించాడు. ఔత్సాహిక క్రీడాకారుల నిబంధనను ఉల్లంఘించాడన్న కారణంతో మరుసటి సంవత్సరమే ఆ పతకాలను వెనక్కి తీసుకున్నారు. పరుగును దూకుడుతోనూ, దూకుడును విసురుతోనూ ఏ కొలమానంతో పోల్చాలి, ఎవరిని గొప్ప క్రీడాకారుడని అనాలి అనే చర్చ వచ్చినప్పుడల్లా ఇతని పేరు ప్రస్తావనకు వస్తుంది.

బాల్యం

థోర్ప్ నేటి ఓక్లహోమా రాష్ట్రంలోని ప్రేగ్ పట్టణ సమీపంలో జన్మించాడు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఇండియన్ టెరిటరీ అనేవారు. ఇతని పుట్టిన తేదీకి అధికారిక పత్రం లేదు. 1887 మే నెలలో పుట్టినట్లు సాధారణంగా పేర్కొంటారు. తండ్రి హైరం థోర్ప్ శాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందినవాడు. తల్లి షార్లెట్ పొటావటోమీ తెగ సంతతికి చెందినది. తెగ సంప్రదాయం ప్రకారం ఇతనికి వా-థో-హుక్ అని పేరు పెట్టారు. కాంతివంతమైన దారి అని ఆ పేరుకు అర్థం చెబుతారు.

థోర్ప్‌కు చార్లీ అనే కవల సోదరుడు ఉండేవాడు. అతడు బాల్యంలోనే న్యుమోనియాతో మరణించాడు. తరువాత కొద్ది సంవత్సరాలకే తల్లి కూడా ప్రసవ సమయంలో చనిపోయింది. ఈ దుఃఖాల మధ్య పెరిగిన థోర్ప్ చదువుకోవడానికి పంపిన బడుల నుండి పలుమార్లు పారిపోయి ఇంటికి వచ్చేవాడు.

కార్లైల్ పాఠశాల

1904లో థోర్ప్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఇండియన్ పారిశ్రామిక పాఠశాలలో చేరాడు. ఆదివాసీ బాలబాలికలను వారి భాషకు, ఆచారాలకు దూరం చేసి తెల్లవారి జీవన విధానానికి అలవాటు చేయడం ఈ పాఠశాల ఉద్దేశం. అతడు అక్కడ చేరిన సంవత్సరమే తండ్రి కూడా మరణించాడు.

1907లో మైదానం పక్కగా వెళుతున్న థోర్ప్, హైజంప్ సాధన చేస్తున్న విద్యార్థులు దాటలేకపోయిన 5 అడుగుల 9 అంగుళాల ఎత్తును మామూలు దుస్తులలోనే దాటాడని చెబుతారు. దీనితో శిక్షకుడు పాప్ వార్నర్ దృష్టి అతనిపై పడింది. వార్నర్ శిక్షణలో థోర్ప్ అథ్లెటిక్స్‌తో పాటు ఫుట్‌బాల్‌లో కూడా పాఠశాల జట్టుకు ప్రధాన ఆటగాడయ్యాడు. 1911లో కార్లైల్ జట్టు ఆనాటి బలమైన జట్లలో ఒకటైన హార్వర్డ్‌ను 18-15 తేడాతో ఓడించింది. ఆ పోటీలో థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్, ఒక టచ్‌డౌన్ సాధించాడు. 1912లో సైనిక అకాడమీ జట్టును కార్లైల్ 27-6తో ఓడించినప్పుడు ప్రత్యర్థి జట్టులో ఆడినవారిలో, తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఒకడు.

స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలు

1912 ఒలింపిక్ క్రీడలలో థోర్ప్ నాలుగు అంశాలలో పాల్గొన్నాడు. వీటిలో హైజంప్, లాంగ్‌జంప్ విడి పోటీలు. పెంటాథ్లాన్, డెకాథ్లాన్ బహుముఖ పోటీలు. విడి పోటీలలో అతనికి పతకం రాలేదు. హైజంప్‌లో నాలుగో స్థానం, లాంగ్‌జంప్‌లో ఏడో స్థానం దక్కాయి. ఒక్క అంశానికే అంకితమైన క్రీడాకారులు అక్కడ అతనికంటే ముందు నిలిచారు. బహుముఖ పోటీలలో మాత్రం అతని దరిదాపులకు ఎవరూ రాలేకపోయారు.

పెంటాథ్లాన్‌లో లాంగ్‌జంప్, జావెలిన్ త్రో, 200 మీటర్ల పరుగు, డిస్కస్ త్రో, 1500 మీటర్ల పరుగు అనే ఐదు అంశాలు ఉండేవి. థోర్ప్ వీటిలో నాలుగింటిలో మొదటి స్థానం, జావెలిన్‌లో మూడో స్థానం పొందాడు. నార్వేకు చెందిన ఫెర్డినాండ్ బీ రెండో స్థానంలో నిలిచాడు.

మూడు రోజుల పాటు సాగిన డెకాథ్లాన్‌లో థోర్ప్ షాట్‌పుట్, హైజంప్, 110 మీటర్ల హర్డిల్స్, 1500 మీటర్ల పరుగు అంశాలలో ప్రథముడిగా నిలిచాడు. పోటీల మధ్యలో అతని బూట్లు కనిపించకుండా పోవడంతో, దొరికిన వేరువేరు బూట్లు తొడుక్కుని పోటీ చేశాడని ప్రసిద్ధి. రెండో స్థానం పొందిన స్వీడన్ క్రీడాకారుడు హ్యూగో వీస్లాండర్‌కూ, థోర్ప్‌కూ మధ్య దాదాపు 688 పాయింట్ల తేడా ఉంది.

అంశాలను పోల్చే పద్ధతి

ఈ రెండు పోటీలలో విజేతను నిర్ణయించిన పద్ధతులు వేరు. పెంటాథ్లాన్‌లో స్థానాలను కూడేవారు. మొదటి స్థానానికి 1, మూడో స్థానానికి 3 చొప్పున లెక్కించి, మొత్తం తక్కువ వచ్చినవారిని విజేతగా ప్రకటించేవారు. థోర్ప్ మొత్తం 7. ఈ పద్ధతి సులభమైనదే కాని, ఒక అంగుళం తేడాతో గెలిచినా, పది అడుగుల తేడాతో గెలిచినా దీనిలో ఒకే విలువ.

డెకాథ్లాన్‌లో పాయింట్ల పట్టికను వాడారు. అంతవరకు ఉన్న ఒలింపిక్ రికార్డుతో సమానమైన ప్రదర్శనకు 1000 పాయింట్లు ఇచ్చి, అంతకంటే తగ్గినకొద్దీ నిర్ణీత ప్రమాణంలో తగ్గించేవారు. థోర్ప్‌కు 8,412 పాయింట్లు వచ్చాయి. ఈ పద్ధతిలో తేడాల పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. అయితే ఒక అంశంలో రికార్డు ఎంత కఠినమైనది, మరొక అంశంలో ఎంత సులభమైనది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అప్పటికి కొద్ది సంవత్సరాలుగా మాత్రమే పోటీ ఉన్న అంశంలోని రికార్డును, చిరకాలంగా ఉన్న పరుగు పందెపు రికార్డును సమానంగా చూడడం న్యాయమా అనే సందేహం సహజం.

ఈ కారణంగానే పట్టికలను తరువాత పలుమార్లు మార్చారు. 1985లో ప్రవేశపెట్టిన పట్టిక ప్రకారం థోర్ప్ ప్రదర్శన విలువ 6,564 పాయింట్లు. అంశాల వారీగా చూస్తే కొలమానం ప్రభావం తెలుస్తుంది. అతడు లాంగ్‌జంప్‌లో 6.79 మీటర్లు, హైజంప్‌లో 1.87 మీటర్లు, పోల్‌వాల్ట్‌లో 3.25 మీటర్లు దూకాడు. 1985 పట్టికలో వీటికి వరుసగా 764, 687, 418 పాయింట్లు వస్తాయి. పోల్‌వాల్ట్‌కు ఇంత తక్కువ రావడానికి కారణం పరికరాలలో వచ్చిన మార్పు. 1912లో వెదురు గడలతో ఎగిరి ఇసుకలో దిగేవారు. తరువాత బాగా వంగి తిరిగి లేచే ఫైబర్‌గ్లాస్ గడలు, మెత్తని పరుపులు వచ్చి ఎత్తులు విపరీతంగా పెరిగాయి. పట్టిక కూడా వాటికి అనుగుణంగా మారింది. ఫ్రాన్స్‌కు చెందిన కెవిన్ మేయర్ 2018లో 9,126 పాయింట్లతో నెలకొల్పిన ప్రపంచ రికార్డుతో పోలిస్తే థోర్ప్ సంఖ్య చిన్నది. కాబట్టి వేర్వేరు కాలాల సంఖ్యలను నేరుగా పోల్చడం కంటే, తన కాలపు పోటీదారులను ఎవరు ఎంత వెనుక ఉంచారో చూడడం సరియైన పద్ధతిగా భావించవచ్చు. స్థానాల లెక్కలోనూ, పాయింట్ల లెక్కలోనూ ఒకే సంవత్సరంలో ఒకే వ్యక్తి ముందుండటం థోర్ప్ విశిష్టత.

పతకాల రద్దు

ఆనాటి ఒలింపిక్ క్రీడలలో ఔత్సాహిక క్రీడాకారులే పాల్గొనాలి. ఏ క్రీడలోనైనా సొమ్ము తీసుకుని ఆడినవారు అనర్హులు. థోర్ప్ 1909, 1910 వేసవులలో నార్త్ కరోలినా రాష్ట్రంలో చిన్న జీతానికి బేస్‌బాల్ ఆడాడు. వేసవి సెలవులలో ఇలా ఆడే కళాశాల విద్యార్థులు చాలామంది మారుపేర్లు పెట్టుకునేవారు. థోర్ప్ తన సొంత పేరుతోనే ఆడాడు.

1913 జనవరిలో ఒక పత్రిక ఈ విషయాన్ని బయటపెట్టింది. థోర్ప్ తాను ఆడిన మాట నిజమేనని అంగీకరిస్తూ, ఆ నియమం తనకు తెలియదని, తాను సొమ్ము కోసం కాక ఆటపై ఇష్టంతో ఆడానని అమెరికా ఔత్సాహిక క్రీడా సంఘానికి లేఖ రాశాడు. సంఘం అతని ఔత్సాహిక హోదాను రద్దు చేసింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అతని పేరును ఫలితాల నుండి తొలగించింది. పతకాలతో పాటు, స్వీడన్ రాజు, రష్యా చక్రవర్తి పేరిట ఇచ్చిన బహుమతులను కూడా అతడు తిరిగి పంపవలసి వచ్చింది. బేస్‌బాల్‌లో బంతిని కొట్టడానికీ, హర్డిల్స్ దాటడానికీ సంబంధం లేకపోయినా, ఒక క్రీడలో తీసుకున్న జీతం మరొక క్రీడలోని విజయాన్ని చెరిపివేసింది.

వృత్తి క్రీడాకారుడిగా

1913లో థోర్ప్ న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టులో చేరాడు. 1919 వరకు ప్రధాన లీగులలో 289 ఆటలు ఆడి 0.252 బ్యాటింగ్ సగటు సాధించాడు. ఇది సాధారణమైన సగటు. స్టాక్‌హోమ్‌లో సాటిలేనివాడుగా నిలిచిన క్రీడాకారునికి కూడా వేగంగా వంపు తిరిగి వచ్చే బంతిని కొట్టడం కష్టమైంది. శరీర బలం, వేగం ఒక క్రీడ నుండి మరొక క్రీడకు కొంతవరకే ఉపయోగపడతాయని, చిన్ననాటి నుండి అలవడవలసిన నైపుణ్యం వేరుగా ఉంటుందని చెప్పడానికి దీనిని ఉదాహరణగా చూపవచ్చు.

ఫుట్‌బాల్‌లో అతని స్థానం వేరు. 1915లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ బుల్‌డాగ్స్ జట్టులో చేరాడు. ఆ జట్టు 1916, 1917, 1919 సంవత్సరాలలో ఛాంపియన్‌గా నిలిచింది. 1920లో ఏర్పడిన వృత్తి ఫుట్‌బాల్ సంఘానికి థోర్ప్ తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘమే 1922లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌గా పేరు మార్చుకుంది. 1922, 1923లలో ఆదివాసీ ఆటగాళ్లతో కూడిన ఊరాంగ్ ఇండియన్స్ జట్టుకు ఆటగాడిగా, శిక్షకుడిగా ఉన్నాడు. 1928లో ఫుట్‌బాల్ నుండి విరమించాడు.

చివరి రోజులు

ఆట విడిచిన తరువాత థోర్ప్‌కు స్థిరమైన ఉపాధి దొరకలేదు. ఆర్థిక మాంద్యం కాలంలో కూలి పనులు, సినిమాలలో చిన్న వేషాలు, కాపలా పనులు చేశాడు. మద్యపానం వ్యసనంగా మారింది. 1945లో వాణిజ్య నౌకాదళంలో పనిచేశాడు. 1951లో అతని జీవితం ఆధారంగా నిర్మించిన చలనచిత్రంలో బర్ట్ లాంకాస్టర్ థోర్ప్ పాత్ర ధరించాడు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలోని లోమిటాలో గుండెపోటుతో మరణించాడు.

అతని మూడో భార్య, పెన్సిల్వేనియాలోని రెండు చిన్న పట్టణాలతో ఒప్పందం చేసుకుని మృతదేహాన్ని అక్కడికి తరలించింది. ఆ పట్టణాలు ఏకమై జిమ్ థోర్ప్ అని పేరు పెట్టుకున్నాయి. అవశేషాలను ఓక్లహోమాకు తీసుకువెళ్లాలని అతని కుమారులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. 2015లో అమెరికా సుప్రీంకోర్టు వారి విజ్ఞప్తిని విచారించడానికి నిరాకరించింది.

గౌరవ పునరుద్ధరణ

1950లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, అర్ధ శతాబ్దపు అత్యుత్తమ క్రీడాకారుడు ఎవరని క్రీడా విలేఖరులను అడిగింది. 393 మందిలో 252 మంది థోర్ప్‌ను మొదటి స్థానానికి ఎంచుకున్నారు. బేస్‌బాల్ క్రీడాకారుడు బేబ్ రూత్ రెండో స్థానంలో నిలిచాడు. 1963లో వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ప్రారంభమైనప్పుడు అందులో స్థానం పొందిన తొలి ఆటగాళ్లలో థోర్ప్ ఒకడు.

పతకాల విషయంలో మాత్రం చాలాకాలం మార్పు రాలేదు. 1912లో పెంటాథ్లాన్‌లో ఆరో స్థానం పొందిన ఏవరీ బ్రండేజ్, 1952 నుండి 1972 వరకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడిగా ఉన్నాడు. ఔత్సాహిక నిబంధనకు గట్టి సమర్థకుడైన ఆయన కాలంలో థోర్ప్‌కు న్యాయం జరగలేదు. 1912 క్రీడల నియమావళి ప్రకారం అభ్యంతరాలను 30 రోజులలోగా తెలపాలని, థోర్ప్‌పై ఫిర్యాదు దాదాపు ఆరు నెలల తరువాత వచ్చిందని పరిశోధకులు రాబర్ట్ వీలర్, ఫ్లోరెన్స్ రిడ్లాన్ ఆధారాలతో చూపారు. 1982లో కమిటీ థోర్ప్‌ను సహ విజేతగా గుర్తించింది. 1983 జనవరిలో పతకాల నమూనాలను అతని సంతానానికి అందజేశారు. 2022 జూలైలో, నార్వే, స్వీడన్ క్రీడా సంస్థల సమ్మతితో, రెండు పోటీలలోనూ అతనిని ఏకైక విజేతగా ప్రకటించారు. బంగారు పతకం తనది కాదనే వీస్లాండర్ జీవితాంతం భావించాడని అతని కుటుంబం ఈ సందర్భంగా తెలిపింది. 2024లో అమెరికా ప్రభుత్వం థోర్ప్‌కు మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించింది.