పెదవులు, పళ్లు, గిడుగు వారు

‘పర్వతం’ అనే మాటను మెల్లగా పలికి చూద్దాం. ‘ప’ దగ్గర రెండు పెదవులూ కలిసి విడిపోతాయి. అది ఓష్ఠ్యం. ‘వ’ దగ్గర పై పళ్లు కింది పెదవిని తాకుతాయి. అది దంతోష్ఠ్యం. ‘త’ దగ్గర నాలుక కొన పై పళ్లను తాకుతుంది. అది దంత్యం. మనం ఉంటున్న సూరత్ పర్వత్ పాటియా పేరులోనూ ఈ మూడూ ఉన్నాయి. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేట పేరులోనూ ఉన్నాయి. ఇలాంటి ధ్వనులను జీవితమంతా శ్రద్ధగా పరిశీలించిన గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న ఆ పర్వతాలపేటలోనే పుట్టారు.

ఆయనదీ మనలాంటి బదిలీల ఇల్లే. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే కన్నుమూశారు. రామమూర్తి గారు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. అప్పట్లో వారి భాషకు లిపి లేదు. వారి పిల్లలకు బడిలో తమ మాట వినిపించేది కాదు. రామమూర్తి గారు ఆ భాష నేర్చుకోవడానికి పూనుకున్నారు. పెదవులతో, పళ్లతో పలికే ధ్వనులు కంటికి కనిపిస్తాయి. కానీ సవర భాషలో గొంతులోనే గాలిని చటుక్కున ఆపే ధ్వని కూడా ఉంది. దాన్ని చెవితోనే పట్టుకోవాలి. ఆయన పట్టుకున్నారు. తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. ఆ కృషికి ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. దానితో సవర పిల్లలకు బడి పెట్టమని కోరారు.

కొండల్లో తిరగడంతో జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. అయినా పని మానలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. తర్వాత నిఘంటువూ వచ్చింది. మనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని పోరాడిందీ ఆయనే. 1940 జనవరి 22న మరణించారు.

ఆయన పుట్టినరోజే నేడు తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు మనం ‘చిలుక’, ‘చాప’ అని పలికి చూద్దాం. ‘చిలుక’లో నాలుక అంగిలిని తాకుతుంది, ‘చాప’లో పళ్ల దగ్గరికి వస్తుంది. హిందీలో మొదటి ‘చ’ ఒక్కటే ఉంది. రెండోది మనం ఇంట్లో అమ్మమ్మ, నానమ్మల నోట వినే నేర్చుకోవాలి. ఎన్ని ఊళ్లు మారినా అది మనతో రావాలి. అలాగే ఇక్కడి స్నేహితుల గుజరాతీని కూడా అంతే శ్రద్ధగా విందాం.