అన్నా మే వాంగ్

2022వ సంవత్సరమున అమెరికా దేశపు టంకశాలవారు 25 సెంట్ల నాణెముపై ఒక చీనాజాతి నటీమణి ముఖమును ముద్రించిరి. ఆమెయే అన్నా మే వాంగ్. ఆమె జీవించియుండగా హాలీవుడ్ చిత్రనిర్మాత లామె కట్టి గౌరవము చేసియుండలేదు.

ఈమె 1905 జనవరి 3వ తేదీన లాస్ ఏంజెలీస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రు లిరువురును అమెరికాలో పుట్టినవారే. తండ్రి బట్టలుతుకు దుకాణము నడుపుచుండెను. పాఠశాలలో తెల్లవారి బిడ్డలు జాతిని జూచి బాధింపగా, ఆమెను అక్కతోగూడ ప్రెస్బిటేరియను మిషనువారి చీనా పాఠశాలకు మార్చిరి. భోజనమునకై యిచ్చిన కాసులను సినిమాలకు వెచ్చించి, బడికి ఎగనామము పెట్టుటయు కలదు. మన విద్యార్థు లీ వాక్యమును త్వరగా చదివి విడుచుట మంచిది!

1922లో, పదునేడేండ్ల ప్రాయమున, తొలి వర్ణచిత్రములలో నొకటియగు 'ది టోల్ ఆఫ్ ది సీ'లో కథానాయిక యయ్యెను. 1924లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్‌తో 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో నటించి లోకప్రసిద్ధి గాంచెను. ఆమె యుడుపుల సొగసును పత్రికలు వర్ణించుచుండెను.

కాని తెల్లవారికిని చీనావారికిని వివాహమును కాలిఫోర్నియా శాసనము 1948 వఱకు నిషేధించియుండెను. తెరపై సైతము తెల్ల నాయకుడామెను పెండ్లాడరాదు. కావున ఆమెను దాసిగనో కుట్రలు పన్నుదానిగనో చూపి, కథాంతమున తఱచు చంపివేయుచుండిరి. విసిగి 1928లో ఐరోపాకు వెడలి, బెర్లిను, లండను నగరముల చిత్రములలో నటించెను. జర్మను భాషయు నేర్చెను.

మిషనరీల కుమార్తెయై చీనాలో పెరిగిన పెర్ల్ బక్ వ్రాసిన 'ది గుడ్ ఎర్త్' నవలను చిత్రముగా తీయుచున్నారని వినినప్పుడు, అందలి రైతు భార్య పాత్ర తనకు లభించునని యాశించెను. భర్త పాత్రను పాల్ మ్యూనీ అను తెల్లవాని కిచ్చిరి; భార్యయు తెల్లది కావలసివచ్చెను. లూయీజ్ రైనర్ ఆ వేషమునకు అకాడమీ బహుమానము నందెను. కాపురము చెఱచు లోటస్ పాత్రకు అన్నా మే సమ్మతింపలేదు.

1936లో తండ్రి స్వగ్రామము చూడ చీనాకు పోయెను. అచ్చటివారు, ఆమె వేసిన వేషములు తమ జాతికి తలవంపులని నిందించిరి. వేషము లెన్నుకొను స్వాతంత్ర్యము ఆమెకేది? అయినను జపానుతో యుద్ధము వచ్చినపుడు, 1938లో తన ఉడుపులను వేలము వేయించి, ఆ ధనమును చీనా సహాయమునకై యిచ్చెను.

చీనా అమెరికనుల కథయగు 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్' చిత్రమున పెద్దయింటి ఆడుది యగు మేడమ్ లియాంగ్ పాత్రకు ఆమె నెన్నుకొనిరి. చిత్రము తీయకమునుపే, 1961 ఫిబ్రవరి 3వ తేదీన శాంటా మోనికాలో హృద్రోగముచే నిద్రలో మరణించెను.