తన బాటను తానే దిద్దుకొన్న మార్కోని

తీగల సహాయం లేకుండా వార్తను సముద్రాలు దాటించిన గుగ్లీల్మో మార్కోని 1874 ఏప్రిల్ 25న ఇటలీ దేశంలోని బొలోన్యా నగరంలో జన్మించాడు. తండ్రి ఇటలీ భూస్వామి; తల్లి ఐర్లండు దేశస్థురాలు. ఆయన విద్యాభ్యాసం చాలవరకు ఇంటివద్ద గురువుల చెంతనే జరిగింది. హెర్ట్జ్ కనుగొన్న విద్యుదయస్కాంత తరంగాలను గురించి తెలిసినది మొదలు, వాటితో వార్తలు పంపాలనే తపన ఆయనను విడువలేదు. 1895లో తన యింటి ఆవరణ నుండి కొండ ఆవలికి, సుమారు 2 కిలోమీటర్ల దూరం సంకేతాన్ని పంపగలిగాడు. 1896లో ఇంగ్లండు చేరి పేటెంటు కోరాడు. మరుసటి ఏడు కంపెనీ స్థాపించాడు.

1901 డిసెంబరు 12న ఇంగ్లండులోని పోల్డూ నుండి వెలువడిన సంకేతాన్ని అట్లాంటిక్ ఆవల న్యూఫౌండ్లాండులో విన్నట్లు ప్రకటించాడు. 1909లో బ్రౌన్‌తో కలిసి నోబెల్ బహుమతి నందుకొన్నాడు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు సుమారు 700 మంది ప్రాణాలు దక్కడానికి వైర్‌లెస్ పిలుపే కారణమైంది.

అయితే ఆ కీర్తి వెనుక ఒక పొరపాటు దాగి ఉన్నది. దూరం పెరిగినకొద్దీ తరంగం పొడవు, యంత్రశక్తి పెరగాలని ఆయన విశ్వసించాడు. లోకం ఆయన వెంట నడిచింది. వేల మీటర్ల తరంగాల కోసం బ్రహ్మాండమైన స్తంభాలు, అపారమైన వ్యయంతో స్టేషన్లు వెలిశాయి.

1923, 1924 సంవత్సరాలలో తన నౌక 'ఎలెట్రా'పై ప్రయాణిస్తూ ఆయన హ్రస్వ తరంగాలను పరీక్షించాడు. ఆకాశంలోని అయనావరణం వాటిని తిరిగి భూమికి మళ్ళిస్తుంది. వాటిని ఒకే దిశలో కేంద్రీకరించడమూ సులభం. అందువలన స్వల్ప శక్తితోనే అవి వేల కిలోమీటర్లు చేరాయి. విశ్వఖ్యాతి పొందిన పిమ్మట, తాను వేసిన మార్గం తప్పని ఆయన బహిరంగంగా అంగీకరించాడు. 1926, 1927లలో బ్రిటనును కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, భారతదేశాలతో హ్రస్వ తరంగ కేంద్రాలు కలిపాయి.

1923లో ఫాసిస్టు పార్టీలో చేరడం ఆయన జీవితంలో చెరగని మచ్చ. 1937 జూలై 20న రోము నగరంలో కన్నుమూశాడు.

విద్యార్థి మిత్రులారా! నేడు మీరు ప్రయోగశాలలో పరికరాలను అనుసంధానించేటప్పుడు ఇదే ప్రశ్న ఎదురవుతుంది. పొలంలోని తేమను గంటకొకసారి, చిన్న బ్యాటరీతో, కొన్ని కిలోమీటర్ల దూరం తెలుపవలెనంటే లోరా చాలును. గదిలో నుండి చలనచిత్రం పంపవలెనంటే వైఫై కావలెను. చేతి గడియారానికి బ్లూటూత్ తగును. దూరం, శక్తి, సమాచార పరిమాణం, వ్యయం తూచి ఎన్నుకొనండి. ఎన్నిక పొరపాటని ప్రయోగం చెప్పినపుడు దానిని మార్చుకొనడానికి సంకోచించకండి. మార్కోని జీవితం నేర్పే పాఠం ఇదే.