మూడు వృత్తాలు, కొన్ని ఉత్తరాలు

ఇంటర్ 2బి చదివినవాళ్లని నిద్రలో లేపి అడిగినా మైనస్ జి, మైనస్ ఎఫ్ అనేస్తారు. ఎక్స్² + వై² − 6ఎక్స్ + 8వై = 0 ఇస్తే వర్గాలు పూర్తి చేసి కేంద్రం (3, −4), వ్యాసార్థం 5 అని చెప్పేస్తాం. బొమ్మే అక్కర్లేదు. ఆ సౌకర్యం మనకిచ్చినవాళ్లలో ఒకరు రెనే డెకార్ట్. (ఫెర్మా కూడా అదే కాలంలో విడిగా ఈ దారి పట్టాడు, ఆయన వాటా ఆయనకివ్వాలి.)

1596లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. ఏడాది దాటిందో లేదో తల్లి పోయింది. ఒంట్లో బాగుండదని బడిలో పొద్దెక్కేదాకా పడుకోనిచ్చేవారు. మన హాస్టల్లో ఎవరిస్తారు ఆ వరం! 1637లో లైడెన్‌లో అచ్చయిన తన పుస్తకానికి అనుబంధంగా జ్యామితి రాశాడు. తెలియని రాశులకి ఎక్స్, వై వాడే అలవాటు దాంతోనే స్థిరపడింది.

నాకు బాగా నచ్చింది మాత్రం 1643 సంగతి. రాజ్యం పోయి హాలండ్‌లో తలదాచుకున్న బొహీమియా రాకుమారి ఎలిజబెత్‌కి ఆయన ఓ లెక్క ఇచ్చాడు: మూడు వృత్తాలిస్తే, మూడింటినీ తాకే నాలుగోది కనుక్కోవాలి. అంటే మళ్లీ కేంద్రం, వ్యాసార్థమే. మరీ కష్టమైంది ఇచ్చానే అని తర్వాత ఆయనే నొచ్చుకున్నాడు. ఆమె బీజగణితంతో చేసేసింది! ఒకదాన్నొకటి తాకే నాలుగు వృత్తాల వ్యాసార్థాల గురించి ఇప్పుడు డెకార్ట్ సిద్ధాంతం అంటున్నది ఆ ఉత్తరాల్లోదే.

1649లో స్వీడన్ రాణి క్రిస్టినా పిలిస్తే వెళ్లాడు. పాఠం తెల్లవారుజామున అయిదింటికి, ఆ చలిలో. 1650 ఫిబ్రవరిలో న్యుమోనియాతో పోయాడు, 53 ఏళ్లకే. ఎలిజబెత్ తన ఉత్తరాలు వెనక్కి తెప్పించుకుంది, అచ్చుకి ఒప్పుకోలేదు. ఆమె చేసిన ఆ లెక్క ఇప్పుడెక్కడా లేదు.