మదనపల్లె నుండి న్యాయపీఠానికి - మార్గరెట్ కజిన్స్

జాతీయ గీతం జనగణమనకు 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో స్వరలిపి కూర్చిన విదుషీమణిగా శ్రీమతి మార్గరెట్ కజిన్స్ పేరు సుపరిచితం. ఆ ఒక్క సందర్భంలోనే ఆమెను స్మరించుకోవడం పరిపాటి అయినందున, మన దేశపు తొలి మహిళా మేజిస్ట్రేటు ఆమేనన్న సంగతి మరుగున పడింది.

ఐర్లండులోని బోయిల్ పట్టణంలో 1878 నవంబరు 7న జన్మించిన ఆమె సంగీతంలో పట్టభద్రురాలై, 1903లో కవి జేమ్స్ కజిన్స్‌ను వివాహమాడారు. స్త్రీల ఓటు హక్కు పోరాటంలో పాల్గొని 1910లో లండనులోను, 1913లో ఐర్లండులోను కారాగార శిక్ష అనుభవించారు. 1915లో దంపతులిరువురూ మదరాసు చేరుకున్నారు. ఐర్లండు తిరుగుబాటును ప్రశంసిస్తూ వ్రాసిన వ్యాసం కారణంగా 1916లో జేమ్స్ పత్రికా ఉద్యోగం కోల్పోగా, డాక్టర్ అనిబిసెంట్ ఆయనను మదనపల్లె కళాశాలకు పంపారు. శ్రీమతి కజిన్స్ సైతం అక్కడే బోధన చేపట్టారు.

స్థానిక మహిళలను సమీకరించి ఆమె మదనపల్లెలో అబలాభివర్ధినీ సమాజాన్ని నెలకొల్పారు. పేరులో అబల అన్న మాట ఉన్నప్పటికీ, ఆ సమాజపు అనుభవమే 1917 మే నెలలో అడయారులో భారత మహిళా సంఘం ఆవిర్భావానికి తోడ్పడింది. బాలికల విద్య గురించి విన్నవించేందుకు భారత మంత్రి మాంటేగు దర్శనం కోరగా, రాజకీయ విషయాలపై మాత్రమే ప్రతినిధి వర్గాలను అనుమతిస్తామన్న సమాధానం వచ్చింది. దానితో ఆమె విన్నపంలో ఓటు హక్కును చేర్చారు. 1917 డిసెంబరు 18న శ్రీమతి సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళలు ఆ విన్నపాన్ని సమర్పించారు. మదరాసు శాసనమండలి 1921 ఏప్రిల్ 1న, ఆస్తి అర్హత గల స్త్రీలకే పరిమితమైనప్పటికీ, ఆ హక్కును ఆమోదించింది.

1920వ దశకం తొలి సంవత్సరాలలో ప్రభుత్వం ఆమెను సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటుగా నియమించింది. చిన్న నేరాలను విచారించే, జీతభత్యాలు లేని పదవి అది. అయినా నాటి పరిస్థితులలో దాని ప్రాధాన్యం స్వల్పమైనది కాదు. స్త్రీలు న్యాయవాద వృత్తి చేపట్టడానికి అడ్డంకులను తొలగించిన చట్టం 1923లో గాని రాలేదు. మహిళా పోలీసులు ఇంకా లేరు. నిరుపేద యువతి ఏదైనా అభియోగంపై న్యాయస్థానానికి వస్తే, పట్టుకువచ్చినవారు, వాదించేవారు, తీర్పు చెప్పేవారు అందరూ పురుషులే. అటువంటి చోట ఒక స్త్రీ, అందునా స్వయంగా జైలు జీవితం చవిచూసిన స్త్రీ, న్యాయపీఠంపై ఆసీనురాలు కావడం అపూర్వం.

యువతుల రక్షణ తీర్పులతోనే సాధ్యం కాదని, చట్టాలు కూడా మారాలని మహిళా సంఘం కృషి సాగించింది. సంఘం ప్రోత్సాహంతో శాసనమండలిలో ప్రవేశించిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ వ్యవస్థ నిర్మూలనకు పూనుకున్నారు. శ్రీమతి కజిన్స్ చొరవతో 1927 జనవరిలో పూనాలో సమావేశమైన అఖిల భారత మహిళా సభ బాల్య వివాహాలకు వ్యతిరేకంగా ఉద్యమించగా, బాలికల వివాహ వయస్సును 14 ఏళ్లుగా నిర్ణయిస్తూ 1929లో శారదా చట్టం వచ్చింది. వ్యభిచార వ్యాపారాన్ని అరికట్టేందుకు 1930లో మదరాసు ప్రభుత్వం, దేవదాసీ అంకితాలను నిషేధిస్తూ 1947లో అదే రాష్ట్రం చట్టాలు చేశాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు నాడు మదరాసు రాష్ట్రంలోనే ఉండేవి.

ప్రభుత్వమిచ్చిన పదవి ఆమె నోటికి తాళం వేయలేదు. 1932లో అత్యవసర ఆర్డినెన్సులను బహిరంగంగా నిరసించి, సత్ప్రవర్తన హామీకి నిరాకరించినందుకు ఏడాది శిక్షతో వేలూరు జైలుకు వెళ్లారు. ఒకనాడు తీర్పులు చెప్పిన వ్యక్తి ఇలా బోనెక్కడం అరుదైన ఘట్టం. 1936లో అఖిల భారత మహిళా సభకు అధ్యక్షత వహించారు.

1940వ దశకంలో పక్షవాతానికి గురైన ఆమె శేష జీవితాన్ని అనారోగ్యంతో గడిపారు. ఆమె సేవలకు గుర్తింపుగా మదరాసు ప్రభుత్వం, అనంతరం ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్థిక సహాయం అందజేశారు. 1954 మార్చి 11న శ్రీమతి కజిన్స్ అడయారులో కన్నుమూశారు.